బొమ్మ పోయిన ఆదివారం

బరంపురంలో గేట్ బజారు వెనక సందులో అమ్మణ్ణి ఇంటి వీధి తలుపుకి ఇత్తడి గడియ ఉండేది గానీ, పన్నెండేళ్లుగా అది పడలేదు. పగలంతా తలుపు బార్లా తీసి ఉండేది. పొద్దుపోయాక దగ్గరగా చేరవేసి ఊరుకునేవారు. ఆ ఇంట్లో దూరడానికి దొంగలకే మొహమాటమని సందులోవాళ్లు వేళాకోళం ఆడేవారు. అలా ఆడినవాళ్లే అమ్మణ్ణి ఎదురుపడితే తల దించుకుని తప్పుకునేవారు.

ఆమె పెద్దకొడుకు శ్యామసుందర్ ఒక పొద్దున్న కాఫీ తాగి, బట్టల కొట్టు తాళాలు జేబులో వేసుకుని బయల్దేరాడు. కొట్టుకి చేరలేదు. ఇంట్లో తగువు లేదు, ఒంట్లో జబ్బు లేదు, పెళ్లయి ఏడాది తిరగలేదు. గోపాలపురం సముద్రం ఒడ్డంతా వెతికారు. కటకం ఆసుపత్రులు చూశారు, విశాఖపట్నం దాకా ప్రతి స్టేషన్లోనూ ఫోటో చూపించి అడిగారు. మనిషీ దొరకలేదు, శవమూ దొరకలేదు. పోయినవాడికైతే ఏడ్చి, ఏడ్చి, ఒకనాటికి లేచి మొహం కడుక్కుంటాం. మాయమైనవాడి కోసం ఏడవడం ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా ఎవరూ చెప్పరు.

మనలో మనిషి ఊరికి ప్రయాణమైతే వెంటనే ఇల్లు ఊడవం, తలుపు మూయం. క్షేమంగా చేరాలని అదో పట్టింపు. అందరూ ఒక గంటో పూటో పాటించి మరిచిపోయేదాన్ని అమ్మణ్ణి పన్నెండేళ్లు లాగింది. కొడుకు ప్రయాణంలో ఉన్నాడు, అంతే. కాబట్టి తలుపు మూయకూడదు. మధ్యాహ్నం అతని కంచం పెట్టి అన్నం వడ్డించాలి. అందరూ తిన్నాక దాన్ని తీసుకెళ్లి ఆవుకి పెట్టాలి. కోడలు ఇల్లు కదలకూడదు. "ఆడొచ్చీసరికి పెళ్లాం గడపలో లేకపోతే ఏటనుకుంటాడు?" అనేది అమ్మణ్ణి. ఆమె చెడ్డ మనిషి కాదు. చెడ్డదైతే కోడలికి ఏడవడానికైనా, తిట్టుకోవడానికైనా వీలుండేది.

ఆ కోడలు భారతీదేవి. సోంపేట పిల్ల. తండ్రి అక్కడి హైస్కూల్లో హిందీ మాస్టారు. మగపిల్లలు లేనందుకో ఏమో, ఆయన తన హిందీ అంతా కూతురికి ధారపోశాడు. పెరట్లో బావి చప్టా మీద కూర్చోబెట్టి పాఠం చెప్పేవాడు, తప్పు చదివితే చెంబుడు నీళ్లు నెత్తిన గుమ్మరించి నవ్వేవాడు. గేట్ బజారు బట్టల వ్యాపారుల ఇంట్లో ఆ హిందీకి ఏం పని? అటకమీది ఇత్తడి గంగాళంలా పడి ఉండేది. ఆ తండ్రికి పక్షవాతం వచ్చి కబురొస్తే, "కార్తీకం ఎల్లనీ, ఎల్దువు గాని" అంది అమ్మణ్ణి. ఆయన కార్తీకం దాకా ఆగలేదు. పదోరోజుకి పంపి, సాయంత్రం బండికి వచ్చెయ్యమంది. సోంపేట బరంపురానికి ఎంత దూరమని! రైలెక్కి కళ్లు మూసి తెరిస్తే వస్తుంది. ఆ దగ్గరి ఊరికి భారతి మళ్లీ వెళ్లలేదు. తల్లి ఒక్కతీ ఉంటోంది అక్కడ.

చిన్నకొడుకు వైకుంఠరావు కొట్టు చూసుకునేవాడు. లోకంలో ఏ కొత్త సామాను వచ్చినా పక్కవాడి ఇంట్లోకి వెళ్లకముందే తన ఇంట్లోకి రావాలని అతని పట్టుదల. అలా టీవీ కొన్నాడు. వీధిగదిలో పెట్టాడు. తలుపు ఎలాగూ తీసే ఉంటుంది గనక, ఆదివారం వస్తే సందు సందంతా లోపలికి వచ్చి కూర్చునేది. పొమ్మనడానికి లేదు, తలుపు వెయ్యడానికి అంతకన్నా లేదు. కొన్న పాపానికి వైకుంఠరావు గుమ్మం దగ్గర నిలబడి చూసేవాడు.

ఆ ఏడాది ఆదివారం పొద్దున్న ఢిల్లీ నుంచి ఒక ధారావాహిక వచ్చేది. దానికేదో పెద్ద సంస్కృతం పేరు ఉంది. మనవాళ్లకి నోరు తిరగక 'ఓడ కథ' అనేవారు. ఆకాశంలో, చుక్కలకి అవతల ఏముందో చూసి రమ్మని ఒక మనిషిని ఓడలో పంపిస్తారు. అతని భార్య వసుధ కింద ఉండిపోతుంది. అన్నీ అట్టముక్కలతో, వెండిరంగు కాగితాలతో కట్టిన సెట్టింగులని ఇప్పుడు నవ్వుకుంటాం. అప్పుడెవరూ నవ్వలేదు. చిక్కల్లా భాషతోనే వచ్చింది. సందులో తెలుగు అందరికీ వచ్చు, ఒడియా అందరికీ వచ్చు, హిందీ మాత్రం ఒక్కరికీ రాదు. మొదటి ఆదివారం అంతా నోళ్లు తెరుచుకుని చూస్తూంటే, వంటింటి గుమ్మంలోంచి భారతి తనకు తెలియకుండానే, "అతను వెళ్లాల్సింది కాదట. వెళ్లాల్సినవాడికి జ్వరమొచ్చి ఇతన్ని పంపిస్తున్నారట" అంది.

తలలన్నీ అటు తిరిగాయి.

"ఓలమ్మ, నీకీ బాస ఒచ్చేటి?" అంది జగ్గమ్మ. హుమ్మ నుంచి మొదటి బస్సుకి ఉప్పు బస్తాతో దిగి, గేట్ బజారంతా 'ఉప్పు' అనీ, ఒడియాలో 'లుణ' అనీ రెండు కేకలూ వేసుకుంటూ తిరిగే మనిషి ఆమె. "అయితే ఆడ నిలబడిపోనావేటి? ఇలా వొచ్చి కూకొని సెప్పు తల్లీ, పున్నెముంటాది."

భారతి అత్తవైపు చూసింది. అమ్మణ్ణి పీట జరిపింది. ఆ పీట మీద, టీవీకి పక్కగా, మనుషులకి ఎదురుగా కూర్చుని భారతి చెప్పడం మొదలుపెట్టింది. పన్నెండేళ్లుగా ఆ ఇంట్లో ఆమె నోట వచ్చిన మాటలన్నీ ఒక్కచోట పోగేసినా ఆ పొద్దుటి మాటలంత అవవు. ఆ ఆదివారం ఆమెకి అన్నం సహించలేదు, సంతోషానికి.

అప్పటినుంచి వారం వారం అదే పని. ముందు టీవీలో మాట, వెనకే భారతి మాట. ఓడ ఎక్కబోతున్నవాణ్ణి వసుధ వెనకనుంచి పిలిచింది. గదంతా ఒక్కసారి "అయ్యో" అంది. బయల్దేరేవాణ్ణి వెనకనుంచి పిలుస్తారా ఎవరైనా? ఆ ఢిల్లీ పిల్లకి పెద్దవాళ్లు లేరా చెప్పడానికి? ఇంక ఆ ఓడ తిన్నగా వెళ్లదని అక్కడే తేల్చేశారు. వెళ్లలేదు కూడా. మరో వారం ఓడలో నీళ్లు తక్కువయ్యాయి. అక్కడ ఒక కుండీలో చిన్న మొక్క ఉంది. అతను తాగాల్సిన నీళ్లలో సగం దానికి పోస్తాడు. పెదాలు పగిలి నెత్తురొస్తుంటుంది, మొక్క పువ్వు పూస్తుంది. అతను దాని ముందు కూర్చుని చిన్నపిల్లాడిలా నవ్వుతాడు. ఆ నవ్వుకి తెలుగు అక్కర్లేకపోయింది. భారతి చెప్పడం ఆపేసింది. జగ్గమ్మ చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

అన్నిటికన్నా ఏడిపించింది యంత్రం చచ్చిపోయిన వారం. ఓడలో అతనికి తోడుగా ఒక యంత్రమనిషి ఉండేది. ఓడలో కరెంటు అయిపోవస్తే, అతనికి ఊపిరాడే గాలి మిగలాలని అది తనంతట తను ఆగిపోతుంది. ఆగేముందు వసుధ గొంతుతో ఒక్కసారి అతన్ని పేరు పెట్టి పిలుస్తుంది. గదిలో ముక్కులు చీదుకోవడం తప్ప చప్పుడు లేదు. కాసేపటికి జగ్గమ్మ, "అమ్మా, నాకు తెలవక అడుగుతాను. దీనికి మైలుంటాదా? తానం సేసి మరీ ఇంట్లోకి ఎల్లాలా?" అంది. నవ్వబోయినవాళ్లు ఆమె మొహం చూసి నవ్వలేకపోయారు. ఆ పూట సందులో నలుగురైదుగురు తలకి పోసుకున్నారు. ఎవరికీ చెప్పుకోలేదు గానీ, తడిజుట్లు కనబడ్డాయి.

ఉన్నదున్నట్టు భారతి అన్నీ చెప్పేది కాదు. ఒక వారం వసుధకి అతని గొంతు వినబడింది. "నేను బాగానే ఉన్నాను" అని. అక్కడి పెద్దాయన ఆమెతో మెల్లగా అంటాడు: ఆ మాట అక్కణ్నుంచి బయల్దేరి ఏళ్లయింది, అన్నవాడు ఇప్పుడు ఉన్నాడో లేడో చెప్పలేం. అమ్మణ్ణి అప్పటికే ముందుకి వంగి, రెండు చేతులూ జోడించి ఉంది. ఆ చేతులు చూసి భారతి, "బాగానే ఉన్నాడట" అని ఊరుకుంది. అమ్మణ్ణి ఆ మధ్యాహ్నం కొడుకు కంచంలో నెయ్యి తనే వేసింది.

ఆ మధ్యాహ్నమే భారతికి ఒక సంగతి తెలిసింది. అన్నం వడ్డిస్తూ మొగుడి మొహం గుర్తుచేసుకోబోతే ఓడలో మనిషి మొహం వచ్చింది. గోడమీద పెళ్లిఫోటో ఉంది, ఫోటో మొహం గుర్తుంది. నడిచే మొహం, కాఫీ తాగే మొహం, ఒక్కటీ రాలేదు. కొన్నాళ్ల కాపురం. అతను చెడ్డగా చూడలేదు, మంచిగా చూడడానికి వ్యవధి ఇవ్వలేదు. ఎవరి కోసం ఈ కంచం? అని మొదటిసారి అనుకుంది. అనుకున్నందుకు భయపడి గబగబా మరో గరిటె వడ్డించింది.

పన్నెండేళ్లు నిండాయని పురోహితుడు వెంకటరమణమూర్తి ఇంటికి వచ్చాడు. పన్నెండేళ్లు జాడ తెలియని మనిషికి దర్భలతో ఆకారం కట్టి దహనం చెయ్యాలి, కర్మ జరిపించాలి, లేకపోతే ఉన్నా లేకపోయినా అతనికి శాంతి లేదన్నాడు. వైకుంఠరావుకి అది ఎప్పణ్నుంచో మనసులో ఉంది. అతనికి పెళ్లీడు దాటిపోతోంది. వచ్చిన సంబంధాల వాళ్లంతా ముందు ఆ తలుపు సంగతీ, ఆ కంచం సంగతీ అడిగి, తరవాత కనబడడం మానేస్తున్నారు.

"అన్నయ్య మీద నాకు పేమ లేదనుకుంటున్నావేటే అమ్మా?" అన్నాడు. "ఒదిన్ని సూడు. పేరంటానికి పిలవాలో వొద్దో తెలవక ఊరంతా పిలవడమే మానీసినారు. ఆవిడ ఇటూ కాదు, అటూ కాదు."

వదిన పేరు తెచ్చింది తన అవసరానికే. అయినా అన్న మాట అబద్ధం కాదు. తలుపు చాటున భారతి విన్నది.

అమ్మణ్ణి అంతకుముందే దేవుడి గదిలో ఠాకురాణి అమ్మవారి పటానికి రెండుసార్లు పువ్వు పెట్టి అడిగింది. కుడివైపు పడితే ఉన్నట్టు, ఎడమవైపు పడితే లేనట్టు. రెండుసార్లూ పువ్వు ఎటూ పడకుండా అక్కడే వాడిపోయింది. ఆమె కొడుకు చెప్పిందంతా విన్నది. తరవాత కోడల్ని పిలిచింది.

"ఆ ఓడ కత ఎప్పుడైపోతాదే?"

"వచ్చే ఆదివారంతో ఆఖరట, అత్తా."

"హఉ" అంది అమ్మణ్ణి. అలా ఒడియాలో సరేనని పురోహితుడి వైపు తిరిగింది. "అమ్మోరు పువ్వుతో సెప్పలేదు. అలగని ఊరుకుంటాదేటి? నా ఇంట్లోకే ఆ కత పంపింది. నా కొడుకు ఎలాగెల్లినాడో ఆ బాబూ అలాగే ఎల్లినాడు. ఆదోరం ఆడు ఇల్లు సేరితే నా కొడుకూ సేరతాడు. మరి నా కాడ కర్మ ఊసెత్తొద్దు. సేరకపోతే నువ్వు సెప్పినట్టే కానీ, పంతులూ."

శాస్త్రంలో టీవీ ప్రస్తావన లేదని వెంకటరమణమూర్తి అనబోయాడు. ఆ ముసలమ్మ ఏదో ఒకదానికి ఒప్పుకోవడమే పదివేలని వైకుంఠరావు కళ్లతోనే ఆయన్ని ఆపేశాడు.

ఆ వారమంతా భారతికి నిద్ర లేదు. ఓడబ్బాయి చేరితే? ఇంకెన్నాళ్లు వడ్డించాలి? అత్త ఉన్నన్నాళ్లూ, ఆ తరవాత తనున్నన్నాళ్లూ. చేరకపోతే గాజులు పోతాయి, బొట్టు పోతుంది, శుభకార్యంలో ఎదురొస్తే మొహం తిప్పుకుంటారు. కానీ తలుపు మూయవచ్చు. సోంపేట వెళ్లి తల్లి పక్కన నడుం వాల్చవచ్చు. అతను చావాలని ఆమె కోరుకోలేదు. వడ్డించడం మానాలని కోరుకుంది. ఆ రెండూ వేరని ఎవరికి చెప్పగలదు? తనకే సరిగ్గా తెలియడం లేదు. ఒక్కటి మాత్రం ధైర్యం. కథ పోకడ చూస్తే అతను వచ్చేలా లేడు. నీళ్లు లేవు, తోడు లేదు, ఓడ దారి తప్పింది. తను ఉన్నదున్నట్టు చెబితే చాలు, అదే తేల్చేస్తుంది.

ఆదివారం గదిలో కాలు పెట్టడానికి చోటు లేదు. కిటికీ బయట కూడా నిలబడ్డారు. ఊళ్లో అందరికీ పందెం సంగతి తెలిసిపోయింది. వాళ్లు చూడ్డానికి వచ్చింది ఓడని కాదు, అమ్మణ్ణిని. ఆమె తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, టీవీకి హారతి ఒకటే తక్కువగా, దాని ఎదురుగా కూర్చుంది. పురోహితుడు కుర్చీలో ఉన్నాడు. భారతి పీట మీద కూర్చుంది. గాజులు చప్పుడు కాకుండా చేతులు ఒళ్లో పెట్టుకుంది.

వసుధ మైదానంలో ఒక్కతే నిలబడి ఉంది. జుట్టు నెరిసింది. ఆకాశంలో చిన్న వెలుగు కనబడింది, పెద్దదైంది, పొగ లేచింది. ఓడ దిగింది. ఓడ తలుపు కదిలింది.

బొమ్మ పోయింది.

తెరంతా తెల్లటి చీమలు. గదిలో పెద్ద గోల లేచింది. వైకుంఠరావు ఎవర్నో తొక్కుకుంటూ మేడమీదకి పరిగెత్తి, యాంటెన్నా గొట్టం పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాడు. "ఒచ్చిందా?" అని పైనుంచి అరుస్తున్నాడు. "రాలేదు!" అని కిందనుంచి అందరూ అరుస్తున్నారు.

"అరవకండి!" అంది అమ్మణ్ణి. "మాట వస్తన్నాది."

నిజమే. చీమల వెనకనుంచి మాట మాత్రం స్పష్టంగా వస్తోంది. లోహపు మెట్ల మీద అడుగులు. మగగొంతు, అలిసిపోయిన గొంతు. భారతి ఆ గొంతుని ఎక్కడ విన్నా పోల్చుకోగలదు.

"నేనే, వసుధా. తలుపు తెరిచే ఉంచావా?"

"ఎప్పుడు మూశానని!" అంది వసుధ. అని భోరుమని ఏడ్చింది.

ఎంత చక్కటి మాట. ఢిల్లీలోనో బొంబాయిలోనో ఫ్యాను కింద కూర్చుని ఎవడో రాశాడు. రాసి, బాగా వచ్చిందని చాయ్ తాగి ఉంటాడు. వాడు పన్నెండేళ్లు ఒక తలుపుకి కాపలా ఉన్నాడా? ఒక్కపూటైనా రాని మనిషికి కంచం కడిగి పెట్టాడా? భారతికి బావి చప్టా మీది తండ్రి గుర్తొచ్చాడు. ఆయన నేర్పిన భాష కాబట్టే ఆ మాట అర్థమైంది. ఆ తలుపు తెరిచి ఉంచబట్టే ఆయన ఆఖరి చూపు దక్కలేదు.

"ఏటన్నాడే?" అంది అమ్మణ్ణి.

గదంతా భారతి మొహం చూస్తోంది. టీవీలో ఏడుపు ఆగలేదు.

"అతను కాదత్తా" అంది భారతి. తన గొంతు తనకే పరాయిగా వినబడింది. "ఓడొక్కటే వచ్చింది. తన మాట టేపులో పట్టి అందులో పంపేడు. ఇంక ఎదురుచూడొద్దు, తలుపేసుకో, అంటున్నాడు."

ఎవరో ఆడవాళ్లు ఘొల్లుమన్నారు. జగ్గమ్మ నేలమీద చరిచి ఏడ్చింది. అమ్మణ్ణి ఏడవలేదు. తెరమీది చీమల్నే చూస్తూ, తల కొంచెం పక్కకి వంచి, ఆ ఏడుపు ఆఖరిదాకా విన్నది. అది ఆగాక కోడలి వైపు చూసింది. ఆ చూపుకి భారతి కళ్లు దించుకుంది.

"హఉ" అంది అమ్మణ్ణి. "పంతులూ, రోజు సూడు."

అప్పుడు బొమ్మ వచ్చింది. తెరమీద పేర్లు పైకి పోతున్నాయి. "ఒచ్చిందా?" అని మేడమీద నుంచి వైకుంఠరావు ఇంకా అరుస్తున్నాడు. వచ్చింది, దిగమని ఎవరో చెప్పారు.

ఋషికుల్య నది ఒడ్డున దర్భల మనిషికి నిప్పు పెట్టారు. అరచెయ్యి తిప్పేలోపల కాలిపోయింది. కర్మ నడుస్తుండగా ఒకరోజు వైకుంఠరావు బజారునుంచి వచ్చి, వదిన మొహం అదోలా చూశాడు. పక్క కొట్టు మార్వాడీకి హిందీ వచ్చు. అతను ఏం చెప్పి ఉంటాడో భారతికి అర్థమైంది. వైకుంఠరావు ఒక్క మాటా అనకుండా లోపలికి వెళ్లిపోయాడు. అతనికి కావలసింది జరుగుతోంది. ఆ మౌనంలో తనకీ వాటా ఉందని భారతికి తనమీద తనకే అసహ్యం వేసింది. రోజూ తలకి పోసుకుంటూ, అతను ఎక్కడైనా బతికి ఉంటే? అనుకునేది. బతికున్నవాడికి నిప్పు పెట్టించానా? నీళ్లు చల్లగా ఉన్నా ఒళ్లు చల్లబడేది కాదు.

పదోరోజు ఆడవాళ్లు వచ్చేలోపలే అమ్మణ్ణి కోడల్ని పెరట్లోకి పిలిచింది. కుంకుడు నురుగు చేతులకి రాసి, గాజులు ఒక్కొక్కటే పగలకుండా తీసింది. పగలగొట్టడానికి వచ్చినవాళ్లు తీసిన గాజులు చూసి ఇదెక్కడి ఆచారమని సణిగారు.

అన్నీ ముగిసిన మర్నాడు మధ్యాహ్నం భారతి వంటింట్లోకి వెళ్లి, అలవాటు చొప్పున ఆ కంచం తీసింది. తీశాక గుర్తొచ్చి, ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడిపోయింది.

"ఇలా తే" అంది అమ్మణ్ణి. "నానిందులో తింటాను. నువ్వూ కూకో."

అత్తాకోడళ్లు ఎదురెదురుగా కూర్చున్నారు. అమ్మణ్ణి అన్నం కలుపుతూ, తల ఎత్తకుండానే అంది.

"ఆరోజు బొమ్మ పోనాది గానీ, నా సెవులు పోలేదే."

భారతి చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"మొగుడికేడ్సినాను. పురిట్లో పోయిన పిల్లకేడ్సినాను. సచ్చినోల్లకేడ్సే ఏడుపు నాకు తెల్దేటి? అది లోపలికి దిగిపోతాది. ఆ వసుదమ్మది అలాటిది కాదు. మనిసిని అట్టుకొని, ఇన్నాల్లేటి సేసినావురా అని, ఆడి మీద కోపంతో ఏడ్సే ఏడుపది. అలగేడవాలని పన్నెండేల్లు నాను కాసుకొని కూకున్నాను. నాకు తెల్దేటే? ఆడొచ్చినాడు."

భారతి కళ్లనీళ్లు అన్నంలో పడుతున్నాయి. "మరి నువ్వెందుకు ఊరుకున్నావత్తా? అందరిముందూ నన్ను అడగలేకపోయావా?" అంది.

"అడుగుదామనే నీ మొగం సూసినాను" అంది అమ్మణ్ణి. "మొగుడొచ్చినాడన్న మాట, కతలోదేనా సరే, నీ నోట రాలేదు. ఆ నోరు అలగ మూసీసింది ఎవులు? నానే గదా. మీ నాయన్ని సూడనివ్వలేదు. ఆడెక్కడున్నాడో నాకెలాగా తెల్దు. నువ్వు నా ఎదురుగా ఉన్నావు, రోజూ సన్నగిల్లిపోతన్నావు." ముద్ద నోట్లో పెట్టుకోలేక కంచంలోనే వదిలేసింది. "తిను. తిని సోంపేట ఎల్లు. మీ యమ్మ కాడ ఉండు."

"ఎప్పుడు రమ్మంటావు?"

"రమ్మనను. నీకు రావాలనుంటే రా."

సాయంత్రం బండికి భారతి రెండు చీరలు సంచిలో పెట్టుకుంది. సందు ఇరుకు, రిక్షా లోపలికి రాదు, మొదట్లోనే ఆగింది. గుమ్మం దాటుతూ అత్త కాళ్లకి దణ్ణం పెట్టబోతే ఆమె చేతులు పట్టుకుని ఆపేసింది.

"తలుపు నానేసుకుంటాను" అంది అమ్మణ్ణి. "నువ్వు ఎనక్కి సూడకు. మంచిది కాదు."

భారతి నాలుగడుగులు వేసింది. వెనక తలుపు మూసుకుంది. ఏళ్ల తరబడి కదలని ఇత్తడి గడియ కిర్రుమని మొరాయించి, చివరికి పడింది. సందులో ఆ చప్పుడు విన్నవాళ్లు ఎక్కడివాళ్లు అక్కడ ఆగి చూశారు. భారతి గుండెల మీదనుంచి ఏదో దిగిపోయినట్టయి, ఏడుపొచ్చి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని రిక్షా దాకా నడిచింది.

రిక్షావాడు కిందకి వంగి గొలుసు ఎక్కిస్తున్నాడు. భారతి ఎక్కి కూర్చుని సంచి ఒళ్లో పెట్టుకుంది. అప్పుడు వెనకనుంచి, సందులోంచి, ఆ కిర్రుమనే చప్పుడే మళ్లీ వినబడింది. ఈసారి మెల్లగా, ఎవరికీ వినబడకూడదన్నట్టు, ఆగి ఆగి. గడియ తీసిన చప్పుడు.

భారతి వెనక్కి చూడలేదు. రేపు మధ్యాహ్నం ఆ కంచంలో అన్నం ఎవరు వడ్డిస్తారో ఆమెకి తెలుసు. రిక్షావాడు లేచి, చేతులు లుంగీకి తుడుచుకుని, "పోనిద్దామా అమ్మా?" అని అడిగాడు. చాలాసేపటికి గానీ ఆమె పోనిమ్మనలేకపోయింది.